కెంటకీ ఎల్క్‌ల గురించి ఒక బహిరంగ లేఖ

కెంటకీ వన్యప్రాణి శాఖ కమిషనర్ గారికి నమస్కారం.

విపరీతమైన వేట వల్ల, అడవుల నరికివేత వల్ల 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధానికి ముందే ఈ రాష్ట్రంలో ఎల్క్ లేకుండా పోయింది. మన కణుజు కంటే పెద్ద జాతి జింక ఇది. 1997 డిసెంబరులో పెర్రీ కౌంటీలో ఏడింటిని వదలడంతో దాని పునరాగమనం మొదలైంది. 2002 దాకా ఆరు రాష్ట్రాల నుంచి 1,500కు పైగా తెచ్చారు. బొగ్గు కోసం తవ్వేసిన కొండల మీద మళ్లీ పెంచిన గడ్డే వాటికి మేతయింది. తర్వాత ఇక్కడి నుంచే వర్జీనియాకు, మిస్సోరికి, విస్కాన్సిన్‌కు ఎల్క్‌లు వెళ్లాయి. లెక్సింగ్‌టన్‌లో స్థిరపడ్డ తెలుగువాడిగా ఈ పని చూసి నాకు ఎంతో గర్వం.

అందుకే అడుగుతున్నాను. 2001 నుంచి లాటరీ పర్మిట్లతో సాగుతున్న వేటను ఆపమనడం లేదు. వేటగాళ్లు కట్టే ఫీజులు మీ శాఖకు ముఖ్యమైన ఆదాయమని తెలుసు. కానీ ఆడ ఎల్క్ సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఆడవాటికి పర్మిట్లు కాస్త ఎక్కువైనా మంద కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి పర్మిట్ల సంఖ్య ప్రకటించేముందే ఏ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో, ఎలా లెక్కగట్టారో జనం ముందు పెట్టండి.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. జింకలను, ఎల్క్‌లను క్షీణింపజేసి చంపే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) జబ్బు 2023లో బల్లార్డ్ కౌంటీలో బయటపడింది. ఎల్క్‌లున్న ఆగ్నేయ కొండలకు అది చాలా దూరమే. అయినా జబ్బు సోకిన జంతువును వేటాడి, జబ్బు ఎక్కువగా ఉండే దాని తల, వెన్నెముక ఒక్క ట్రక్కులో అటు చేర్చినా ముప్పే. ఆ రవాణా మీద నిఘా ఇప్పుడే పెంచండి.

మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతూ,
లెక్సింగ్‌టన్ నుంచి ఒక తెలుగువాడు