శుక్రవారం కల్లా, శుక్రవారం దాకా

చిట్టితల్లీ,

లండన్ టీమ్‌కి మెయిల్ రాయాలంటే టెన్షన్ వస్తోందని, ఎక్కడ ఎట్ పెట్టాలో ఎక్కడ ఇన్ పెట్టాలో తెలియట్లేదని అన్నావు. ఫోన్లో చెబితే నీకు గుర్తుండదని రాస్తున్నాను. బడిలో ఇన్నేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నదాన్ని కదా, నాకు ఒక గట్టి నమ్మకం ఉంది. టైమ్ చెప్పే విషయంలో నీకు కావలసిన తేడాలన్నీ నీ తెలుగులోనే ఉన్నాయి. మెయిల్ రాసే ముందు ఆ మాట ఇంట్లో నాతో ఎలా అంటావో ఒకసారి అనుకో.

ఐదింటికి రమ్మంటాం. ఆ 'కి' ఉన్నచోట ఎట్. పదిహేనో తేదీన, సోమవారం నాడు అన్నచోట ఆన్. జూన్‌లో, 2024లో, ఎండాకాలంలో అన్నచోట ఇన్. పొద్దునకీ సాయంత్రానికీ కూడా ఇన్ వస్తుంది కానీ రాత్రికి మాత్రం ఎట్ నైట్. వారం పేరు చేరిందంటే మళ్లీ ఆన్: ఆన్ మండే మార్నింగ్. నెక్స్ట్, లాస్ట్, దిస్ ముందుంటే ఇవేవీ వద్దు. మనవాళ్లు 'టుడే మార్నింగ్' అంటారు, వాళ్లు 'దిస్ మార్నింగ్' అంటారు.

అసలు చిక్కు 'నుంచి' దగ్గర. జూన్ నుంచి పని చేస్తున్నాను, రెండు నెలల నుంచి పని చేస్తున్నాను. మనకు రెండూ ఒకటే. అందుకే 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ మంత్స్' అని చేతికి వచ్చేస్తుంది. సిన్స్, ఫర్ తేడాని పిల్లల చేత బట్టీ పట్టించడం నాకు ఎప్పుడూ నచ్చదు. నేను వాళ్లకు చెప్పేది ఇదే: 'నుంచి' తీసి 'గా' పెట్టి చూడండి. రెండు నెలలుగా అనొచ్చు, కాబట్టి ఫర్. జూన్‌గా అని ఎవరూ అనరు, కాబట్టి సిన్స్. క్రియ కూడా మారాలి. మనం 'చేస్తున్నాను' అంటే సరిపోతుంది కానీ అక్కడ 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ మంత్స్' అనాలి. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతోందని ఆ 'హావ్ బీన్' చెబుతుంది.

ఉద్యోగంలో ఎక్కువ పనికొచ్చేది బై, అంటిల్. శుక్రవారం కల్లా ఫైల్ పంపిస్తానంటే బై ఫ్రైడే. శుక్రవారమైనా పంపొచ్చు, ముందే పంపినా మంచిదే. శుక్రవారం దాకా ఆఫీసులో ఉంటానంటే అంటిల్ ఫ్రైడే, అంటే అప్పటివరకూ ఆ పని ఆగకుండా సాగుతుంది. ఒక్కసారి జరిగి అయిపోయే పనికి 'కల్లా', సాగే పనికి 'దాకా'. ఇది తారుమారైతే నీ డెడ్‌లైన్ అవతలివాళ్లకు అర్థం కాదు, అందుకే దీన్ని మాత్రం రెండుసార్లు చూసుకో.

గంటలో పంపుతానని మనం అంటే పది నిమిషాలు అటూ ఇటూ అయినా పట్టించుకోం. 'ఇన్ ఏన్ అవర్' అని నువ్వు రాస్తే సరిగ్గా గంట తర్వాత వాళ్లు ఎదురుచూస్తారు. గంట లోపే ఎప్పుడైనా అని చెప్పాలంటే వితిన్ రాయి. మీటింగ్‌ని ముందుకు జరపమని అడగాలంటే 'ప్రిపోన్' వద్దు, మన దేశం బయట చాలామందికి ఆ మాట తెలియదు. 'బ్రింగ్ ఫార్వర్డ్' అను.

గడియారం చదవడానికి అసలు భయపడకు. క్వార్టర్ టు ఫైవ్ అంటే మీ అమ్మమ్మ చెప్పే పావుతక్కువ ఐదే, క్వార్టర్ పాస్ట్ ఫైవ్ అంటే ఐదుంబావే. బ్రిటన్‌లో మాటల్లో 'హాఫ్ ఫైవ్' అనేస్తారు, అది ఐదున్నర. నాలుగున్నర అనుకుని ముందే వెళ్లి కూర్చోకు.

ఇంకొకటి. అక్కడ మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి తెస్తారు. వాళ్ల సాయంత్రం ఐదు మనకు ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అందుకని మీటింగ్ టైమ్ రాసిన ప్రతిచోటా వాళ్ల టైమూ మన టైమూ రెండూ పెట్టు.

పంపే ముందు ఏ మెయిలైనా నాకు చదివి వినిపించాలనిపిస్తే ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్యి. అప్పటికల్లా వంట అయిపోతుంది, పది దాకా మెలకువగానే ఉంటాను.

ప్రేమతో,
అమ్మ