సంక్రాంతికి తీసేద్దాం

విశాఖపట్నం

అమ్మలూ,

మీరు తెచ్చిన వైన్ ఎలా ఉంది, ఇంకా ఎన్నాళ్లు దాచొచ్చు అని మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే జవాబు చెప్పాను, ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుంది. మిగతా సగం రాస్తున్నాను.

నువ్వూ అల్లుడూ ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి మోసుకొచ్చిన నాలుగు కోర్నాస్ ఎర్ర వైన్ సీసాల్లో ఒకటి తీశాను. మిగిలిన మూడింటినీ 2035 దాకా కదపొద్దని నీ పట్టు. వచ్చే సంక్రాంతికే తాగేద్దామని నా మాట. ఎందుకో చదివాక కోప్పడు.

ముందు రుచి సంగతి. 2015 పంట కదా, పదేళ్లు దాటింది. మడ్డి అడుక్కి దిగాలని ముందు రోజే సీసాను నిలబెట్టి ఉంచాను. కోర్నాస్ చేసేది సీరా అనే నల్ల ద్రాక్షతో. అందులో రంగునీ వగరునీ ఇచ్చే పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుగున చేరతాయి. వయసుతో వైన్ రంగు తేలడానికీ, వగరు మెత్తబడడానికీ కారణం చాలావరకు అదే. గ్లాసు వంచి తెల్ల కాగితం మీద పట్టి చూశాను. మధ్యలో ఇంకా ముదురెరుపే. అంచు మాత్రం ఇటుక రంగుకు తిరిగింది.

మూత తీయగానే వాసనేమీ రాలేదు. నోట్లో పోసుకుంటే వక్క నమిలినంత వగరు. కంగారు పడలేదులే, సీరా మధ్యవయసులో కొన్నాళ్లు ఇలా మూగబోతుందని తెలుసు. గాజు జగ్గులోకి మెల్లగా వంపి భోజనాల వేళ దాకా వదిలేశాను. అప్పుడు నోరు విప్పింది. నల్ల ఆలివ్, పొగ పట్టిన మాంసం, కొత్త చెప్పుల దుకాణంలో వచ్చే తోలు వాసన. వాటి వెనక ఎండు ద్రాక్ష వాసన కూడా. నన్ను ఆలోచనలో పడేసింది అదే. వేడి తగిలిన సీసాలో తాజా పండు వాసన ముందుగా పోయి, ఎండు పండుది మిగులుతుంది. అయితే 2015 అక్కడా వేడి సంవత్సరమే కాబట్టి నేరమంతా మన వైజాగ్ మీద మోపలేను.

మిరియాల వాసన మాత్రం నాకు అందనే లేదు. మీ అమ్మ తాగదు కదా, గ్లాసు దగ్గర ముక్కు పెట్టి "చారు పొడిలా ఉందేంటి" అంది! సీరాకి ఆ ఘాటునిచ్చే రోటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా వాళ్లు 2008లో బయటపెట్టారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. దాదాపు అయిదుగురిలో ఒకరి ముక్కుకి అది బొత్తిగా తెలియదట. ఆ ఒక్కడినీ నేనే అయ్యుంటాను.

సగం సీసాకి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు సాయంత్రం మళ్లీ చూశాను. గాలి తగిలాక కూడా ఒక రోజు నిలబడిందంటే ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. ఇది శాస్త్రం కాదు, తాగేవాళ్లు పెట్టుకున్న లెక్క. వగరు బాగానే నిలిచింది, పండు మాత్రం జారిపోయి పులుపు పైకొచ్చింది. వగరు కరిగేదాకా ఆగితే అసలు పండే మిగలదని నాకప్పుడే అనిపించింది.

కోర్నాస్‌ని పదిహేను, ఇరవై ఏళ్లు దాచొచ్చని నువ్వు చదివింది నిజమే. ఆ లెక్క ఏడాది పొడుగునా 12, 14 డిగ్రీలుండే నేలమాళిగలకి. మన సీసాలు ఉన్నది వెనక గదిలో బీరువా కింది అరలో. మే నెలలో అక్కడ రాత్రి కూడా ముప్పై దగ్గరే. సముద్రపు తేమ బిరడాకి మంచిదే, ఎండిపోనివ్వదు. లేబుళ్లకి మాత్రం బూజు పట్టింది. ఉన్న మూడు బిరడాలూ పైకి ఉబకలేదు, ఎక్కడా కారలేదు. తీయడానికి ఇదే అదను.

వైన్ ఫ్రిజ్ కొనిస్తానన్నావు. వద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక ఊరంతా ఎన్ని రోజులు ఎలా గడిపిందో నీకు గుర్తుందిగా. మూడు సీసాల కోసం ప్రతి తుఫానుకీ టెన్షన్ పడే ఓపిక నాకు లేదు.

షిరాజ్, అంటే మన సీరాయే, ఇరాన్ నుంచి వచ్చిందని అల్లుడు మళ్లీ అంటే చెప్పు, 1998లో డీఎన్ఏ పరీక్షలో తేలింది. ద్యూరెజా, మోందూజ్ బ్లాంష్ అనే రెండు ఫ్రెంచి ద్రాక్షల బిడ్డ అది.

కనుమ నాడు వేట మాంసం వేపుడు, కారం తగ్గించి మిరియాలతో. ఎండుమిర్చి ఘాటుకి ఈ వగరు మరీ కరుకవుతుంది. వంజరం వేపుడు ఆ పూటకి వద్దు, చేపతో ఎర్ర వైన్ ఇనుము నాకినట్టుంటుంది. మీ అమ్మని ఒప్పించే పని నీది. తాగేముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెడతాను. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్న మాట ఐరోపా వాళ్ల చల్లటి గదులకి చెల్లుతుంది, మన గదులకి కాదు.

ఈసారి కస్టమ్స్ వాళ్లు సుంకం లేకుండా వదిలే మనిషికి రెండు లీటర్ల కోటాలో కోర్నాస్ తేవద్దు. క్రోజ్ ఎర్మితాజ్ తెండి. అదీ సీరానే, ధర తక్కువ, వచ్చిన వారంలోనే తీసినా బాగుంటుంది. టికెట్లు బుక్ కాగానే తేదీలు పంపు.

నాన్న