ఆగండి, ఇంకా చెబుతున్నాను

సంపాదకుల వారికి,

నమస్కారం.

మా తమ్ముడి దగ్గర పలక కన్నా కాస్త పెద్దదైన అట్ట ఒకటి ఉంది. లామినేషన్ చేయించిన ఆ అట్ట మీద అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తు కోసం ఒక గడి, 0 నుంచి 9 దాకా అంకెలు, కుడివైపు ‘అవును’, ఎడమవైపు ‘కాదు’, అన్నిటికన్నా పైన ఎర్ర అక్షరాలతో ‘ఆగండి, ఇంకా చెబుతున్నాను’ అని ఉంటాయి. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న అతనికి నోట మాట రాదు. వేళ్ళు విడివిడిగా కదలవు కనుక పిడికిలి బిగించి మెటికతో ఒక్కో అక్షరం చూపిస్తాడు. ఒక వాక్యం పూర్తి కావడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అతనికి ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. ఆ ఎర్ర గడి దగ్గరే అరిగి చిరిగిపోవడం వల్ల ఇప్పటికి రెండుసార్లు కొత్త అట్ట చేయించాం.

ఆ మధ్య వికలాంగుల సమస్యల మీద ఒక ప్రభుత్వ కార్యాలయంలో జరిగిన సమావేశానికి అతన్ని కూడా పిలిచారు. పిలుపు వచ్చినందుకు ఇంటిల్లిపాదీ సంతోషించాం. మాట రాని పిల్లలకు ఇచ్చే బొమ్మల అట్టల గురించి ఒక్క మాట చెప్పాలని అతను వారం రోజులుగా అనుకుంటున్నాడు. తన వంతు వచ్చాక ‘బొమ్మల అట్ట సం’ అనే దాకా వచ్చేసరికి అధికారి నా వైపు తిరిగి, “మీ తమ్ముడు ఏమంటున్నాడో మీరు చెప్పేయండమ్మా, టైం అవుతోంది” అన్నారు. తమ్ముడి మెటిక ఎర్ర గడి మీదికి వెళ్ళింది. దాన్ని చదవడానికి అటు చూసినవారు లేరు. తరువాతి అంశం మొదలైపోయింది. మినిట్స్‌లో అతని పేరుకు ఎదురుగా ‘హాజరు’ అని రాశారు, అంతే. ఆ అధికారి చెడ్డవారు కారు. తమ్ముడికి మంచినీళ్ళు తెప్పించినదీ, చక్రాల కుర్చీ పట్టేలా బల్ల జరిపించినదీ ఆయనే. ఇంత మంచి మనిషి ఎదుట కూడా నోటితో మాట్లాడని వాడి మాట చెల్లలేదంటే లోపం సమావేశాలు నడిపే పద్ధతిలోనే ఉందని నాకు అర్థమైంది. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

నోటి మాటకు తోడుగా గానీ, దాని స్థానంలో గానీ అక్షరాల అట్ట, బొమ్మల పుస్తకం, కనుచూపు, సైగ, మాట్లాడే టాబ్లెట్ వంటి వాటితో భావం చెప్పే పద్ధతులన్నిటినీ కలిపి ఏఏసీ (ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్) అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికీ, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దలకూ కూడా ఇదే ఆధారం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘సంభాషణ’ అనే మాటను నిర్వచిస్తూ బ్రెయిలీ, సైగల భాషలతో పాటు ఈ పద్ధతులనూ పేరు పెట్టి చేర్చింది. మాట ఇబ్బంది ఉన్నవారు సమాజంలో పాలు పంచుకునేలా వీటి వాడకాన్ని ప్రోత్సహించే బాధ్యతను 17వ సెక్షన్ ప్రభుత్వాల మీదా, స్థానిక సంస్థల మీదా పెట్టింది. అంతకు ముందే, 2007లో, మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోనూ ఇదే మాట ఉంది. కాబట్టి మేము అడిగేది కొత్త హక్కు కాదు.

ఇంకా పాత సంగతి ఒకటి ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 119వ సెక్షన్ ప్రకారం, మాట్లాడలేని సాక్షి రాతతోనో సైగలతోనో మరో విధంగానో న్యాయస్థానంలో తన విషయం అర్థమయ్యేలా చెబితే దాన్ని నోటితో చెప్పిన సాక్ష్యంగానే లెక్కించాలి. ఆ చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టమూ ఈ నియమాన్ని ఉంచింది. నేరం రుజువు కావాల్సిన చోట, ఒక మనిషి స్వేచ్ఛ ఏమవుతుందో తేలాల్సిన చోట న్యాయమూర్తి ఆగి వింటారు. అలాంటప్పుడు టీ, బిస్కెట్ల మధ్య జరిగే సమీక్షా సమావేశంలో నాలుగు నిమిషాలు ఆగలేమా?

ఈ విషయంలో కుటుంబ సభ్యులమైన మా తప్పు కూడా ఉంది. ఒకసారి తమ్ముడు ‘పె’ చూపించగానే నేను “పెరుగా?” అన్నాను. కళ్ళు మూసి కాదన్నాడు. “పెన్షన్ సంగతా?” అన్నాను, మళ్ళీ కాదన్నాడు. “పెదవి ఎండిందా?” అని నీళ్ళు కూడా తెచ్చాను. చివరికి నేను నోరు మూసుకున్నాక తేలిన వాక్యం ఇది: ‘పెద్దమ్మ వాళ్ళింటికి నేను రాను, అక్కడ నా ఎదుటే నా గురించి మాట్లాడతారు.’ ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషి తన నిర్ణయం, దాని కారణం చెబుతుంటే నాకు స్ఫురించినవి పెరుగు, పెన్షన్, పెదవి. అతనికి అవసరాలు తప్ప అభిప్రాయాలు ఉండవని నేను కూడా అనుకున్నట్టే కదా.

పిల్లలకు ఇస్తున్న బొమ్మల అట్టలు కూడా ఇలాగే తయారవుతున్నాయి. నేను చూసిన అట్టల్లో నీళ్ళు, అన్నం, బాత్రూం, నొప్పి, నిద్ర, ఆట ఉన్నాయి. ‘ఎందుకు’ లేదు, ‘ఒప్పుకోను’ లేదు, ‘నాకు ఇలా అనిపిస్తోంది’ లేదు. అడగడం తప్ప కాదనడం నేర్పని అట్టతో పెరిగిన బిడ్డ పెద్దయ్యాక ఏ సంఘానికి నాయకత్వం వహిస్తుంది? నాయకత్వం అనేది ఒక వయసు వచ్చాక శిక్షణ శిబిరంలో ఇచ్చేది కాదు, ఐదేళ్ళ బిడ్డ అట్ట మీద ‘వద్దు, ఎందుకంటే’ అనే గడి పెట్టిన రోజే మొదలవుతుందని నా నమ్మకం.

మన భాషకు సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. తెలుగులో క్రియ చివర మారితే గాని ఎవరు, ఎప్పుడు అన్నది తెలియదు: తిన్నాను, తిన్నావు, తింటాడు, తినలేదు. మాట్లాడే టాబ్లెట్లలో వేరే భాషా స్వభావాన్ని బట్టి అల్లిన గడుల్లో ఒక్కో బొమ్మకు ఒక్కో మాట అతికించి ఉంటుంది. అలాంటి దానిలో తమ్ముడు బొమ్మలు వరుసగా నొక్కితే టాబ్లెట్ ‘నేను రేపు వెళ్ళు’ అని పలికింది. చక్కని తెలుగులో ఆలోచించే మనిషి వినేవారికి మూడేళ్ళ పిల్లవాడిలా కనిపిస్తాడు. పెద్దవారిని పిలవాలంటే అందులో ‘రా’ తప్ప ‘రండి’ దొరకలేదు. మా మామయ్యను అలా పిలిచిన రోజు తమ్ముడు టాబ్లెట్‌ను పక్కకు నెట్టేసి మళ్ళీ అక్షరాల అట్టకే వచ్చాడు. ఇలాంటి లోపాలు రోజూ వాడేవారికే ముందు తెలుస్తాయి. చెన్నైలో పుట్టిన ఆవాజ్, ఐఐటీ బాంబేలో రూపుదిద్దుకున్న జెల్లో వంటి ఏఏసీ యాప్‌లు మన దేశంలోనే తయారవుతున్నాయి కనుక తెలుగు గడుల కూర్పులో తెలుగు వాడకందారులను కూర్చోబెట్టడం అసాధ్యమేమీ కాదు.

ఇటువంటివారు నాయకత్వం వహించగలరా అని సందేహించేవారికి ముంబయిలో మాలినీ చిబ్ ఉన్నారు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన ఆమె మాట పలికే యంత్రం సాయంతో మాట్లాడుతూ, లండన్‌లో రెండు ఎం.ఎ.లు చదివి, ఒకే వేలితో ఆత్మకథ టైపు చేసి, వికలాంగుల హక్కుల బృందం స్థాపనలో భాగమయ్యారు. అమెరికాలో బాబ్ విలియమ్స్ ఉన్నారు. ఆయన కూడా సెరిబ్రల్ పాల్సీ వల్ల ఏఏసీతోనే మాట్లాడే మనిషి. 1990 నాటి అక్కడి వికలాంగుల చట్టం కోసం పనిచేశారు, 1993లో క్లింటన్ ప్రభుత్వంలో ఈ రంగానికి చెందిన ఒక విభాగానికి కమిషనర్ అయ్యారు, 2019లో మాట ఇబ్బంది ఉన్నవారి పౌరహక్కుల కోసం కమ్యూనికేషన్‌ఫస్ట్ అనే సంస్థను మరొకరితో కలిసి ప్రారంభించారు. 1985లో గొంతుకు శస్త్రచికిత్స జరిగి మాట పోయిన స్టీఫెన్ హాకింగ్ ప్రసంగించినప్పుడు సభలు నిశ్శబ్దంగా ఆగి విన్నాయి. అంత పెద్ద శాస్త్రవేత్త కాని వారికీ ఆ నిశ్శబ్దం దక్కాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను కోరేది ఇది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 66వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర సలహా మండలిలో సంఘాల ప్రతినిధులుగా పదిమందిని, వీలైనంతవరకు వికలాంగులనే, నియమించాలి. వారిలో ఏఏసీతో మాట్లాడేవారు కనీసం ఒకరుండాలి. జిల్లా కమిటీల్లోనూ అంతే. కుర్చీ ఇవ్వడంతో పని అయిపోదు. అజెండా వారం ముందే సులభమైన తెలుగులో పంపాలి. ఇంటి దగ్గర సిద్ధం చేసుకొచ్చిన వాక్యాన్ని సభలో అప్పటికప్పుడు చెప్పిన మాటగానే స్వీకరించాలి. ఆ సభ్యుడు మాట కూర్చుకుంటున్నంత సేపు అధ్యక్షుడు తరువాతి అంశానికి వెళ్ళకూడదు. తోడుగా వచ్చే సహాయకుడిని ఆ సభ్యుడే ఎంచుకోవాలి, అతని దారిఖర్చులు ప్రభుత్వం భరించాలి, కానీ ప్రశ్న వేసేటప్పుడు చూడవలసింది సభ్యుడి ముఖంలోకి. మినిట్స్‌లో అక్క చెప్పిన సారాంశం కాకుండా తమ్ముడు చూపిన అక్షరాలే రావాలి.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల గురించి కూడా ఒక మాట. అక్కడి ఉపాధ్యాయులు తక్కువ వేతనంతో ఎక్కువ మంది పిల్లలను చూసుకుంటున్నారు, వారిని తప్పుపట్టను. అయితే అట్టతోనో టాబ్లెట్‌తోనో మాట్లాడే పెద్దవారిని గౌరవవేతనం ఇచ్చి నెలకు రెండు రోజులైనా ఆ కేంద్రాలకు పిలిస్తే, తమలాగే మాట్లాడే పెద్ద మనిషిని ఆ పిల్లలు మొదటిసారి చూస్తారు. మా తమ్ముడు తనలాంటి ఇంకొకరిని కలిసేసరికి ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. ఆ రోజు ఇద్దరూ రెండు అట్టలు ఒడిలో పెట్టుకుని మూడు గంటలు మాట్లాడుకున్నారు, మధ్యలో నన్ను బయటికి వెళ్ళమన్నారు. సికింద్రాబాద్‌లో మనోవికాస్‌నగర్‌లో ఉన్న జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థ వంటివి ఇటువంటి పెద్దలకు శిక్షణ ఇవ్వగలవు, వారి చేతే శిక్షణ ఇప్పించనూగలవు.

ఈ లేఖను తమ్ముడికి చదివి వినిపించాకే పంపుతున్నాను. రెండు చోట్ల ‘కాదు’ అన్నాడు, మార్చాను. ఆనాటి సమావేశంలో పూర్తి కాని వాక్యాన్ని మళ్ళీ చెప్పమని అడిగితే పదకొండు నిమిషాలు తీసుకున్నాడు. దాన్ని ఒక్క అక్షరమూ మార్చకుండా ఇక్కడ ఇస్తున్నాను, వీలైతే అలాగే ప్రచురించగలరు:

‘బొమ్మల అట్ట సంచిలో పెట్టి బడిలో తీయనివ్వడం లేదు. అది పిల్లవాడి నోరు. బల్ల మీద ఉంచండి. తిరిగి అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.’

భవదీయురాలు,
ఒక పాఠకురాలు