అబద్ధం మొదటి పేజీలో, సవరణ ఏ మూలో

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, తర్వాత నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పద్మారావునగర్‌లో ఉంటాను. మా ఇంటికి చాలా ఏళ్లుగా మీ పత్రికే వస్తోంది. పొద్దున్నే పేపరు చేతికి రాగానే నేను ముందు తీసేది విదేశీ వార్తల పేజీ. నా దగ్గర చదువుకున్న అమ్మాయిలు ఎంతోమంది ఇప్పుడు ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఉన్నారు. మా తమ్ముడి కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఒక నాయకుడు మైకు ముందు ఏదో ఒకటి అంటే ఇక్కడ వారాసిగూడలోనో, చిలకలగూడలోనో ఒక తల్లికి బీపీ పెరుగుతుంది. బ్రిటన్, అమెరికాల్లో జనాన్ని రెచ్చగొట్టి ఓట్లు దండుకునే రాజకీయం, దానికి అక్కడి మీడియా పడుతున్న వంత, దాన్ని ఏమాత్రం జల్లెడ పట్టకుండా మన పేపర్లు, చానళ్లు మనకు అందిస్తున్న తీరు, ఈ మూడూ చూసి చూసి విసిగిపోయి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 జులై 29న ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో డ్యాన్స్ క్లాసుకు వచ్చిన ముగ్గురు చిన్నపిల్లల్ని ఒకడు కత్తితో పొడిచి చంపాడు. గంటలు గడవకముందే వాడు పడవలో దొంగచాటుగా వచ్చిన శరణార్థి అని, ముస్లిం అని, ఏదో ఒక పేరు కూడా తగిలించి సోషల్ మీడియాలో తిప్పేశారు. ఆ పేరే కల్పితం. పట్టుబడ్డవాడు పదిహేడేళ్ల కుర్రాడు, కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆ సంగతి బయటికి వచ్చాక కూడా అల్లర్లు ఆగలేదు. రోథరమ్ దగ్గర శరణార్థులను ఉంచిన హోటల్‌కు నిప్పు పెట్టబోయారు, లోపల మనుషులు ఉండగానే. సండర్లాండ్‌లో ఎమర్జెన్సీ డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల మీద రాళ్లు వేశారు.

ఆ వారంలోనే నా స్టూడెంట్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఊళ్లో ముసలివాళ్ల వార్డులో పనిచేస్తుంది. "మేడమ్, యూనిఫాం మీద బయట తిరగొద్దన్నారు. ఐడీ కార్డు బ్యాగులో పెట్టుకోమన్నారు. నైట్ అయ్యాక ఒక్కళ్లమే బస్టాపుకు వెళ్లొద్దు, నలుగురు కలిసి ట్యాక్సీలో వెళ్లమన్నారు" అంది. యూనిఫాం వేసుకున్న రోజున నేను ఆ పిల్లకు ఏం చెప్పానో నాకు గుర్తుంది. ఈ బట్టలు చూసి రోగి ధైర్యం తెచ్చుకోవాలని చెప్పాను. ఆ బట్టలే దాచుకుని ఇంటికి పోవాల్సి వచ్చింది. తెల్లారేదాకా ఎవరి పక్క బట్టలు మార్చిందో, ఎవరికి నీళ్లు తాగించిందో ఆ ఊరివాళ్లకే కదా!

అదే సమయంలో ఇక్కడ వాళ్లమ్మ టీవీ ముందు కూర్చుని ఏడుస్తోంది. ఒక తెలుగు చానల్ "యూకేలో భారతీయులపై దాడులు" అని కింద స్క్రోలింగు వేస్తూ, ఏ ఊరో ఏ రోజో చెప్పకుండా ఒకే వీడియో తిప్పి తిప్పి చూపిస్తోంది. అల్లర్లు ఎందుకు మొదలయ్యాయి, మొదటి అబద్ధం ఏమిటి, ఎవరు పుట్టించారు అన్నది ఒక్క ముక్క లేదు.

ఆ అబద్ధాన్ని జనం అంత తేలిగ్గా ఎలా నమ్మారు? నమ్మేటట్టు ఏళ్ల తరబడి చెప్పారు కనుక. 2016లో బ్రెగ్జిట్ ఓటింగుకు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలా వద్దా అన్న ఓటింగుకు ముందు, రావాలనేవాళ్ల ఎర్ర బస్సు ఒకటి ఊరూరా తిరిగింది. యూరోపియన్ యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు కడుతున్నాం, ఆ డబ్బు మన ఆరోగ్య సేవకు పెట్టుకుందాం అని దాని మీద రాశారు. అప్పటి ప్రధాని థాచర్ 1984లో సాధించుకున్న రాయితీని ముందే తీసేసేవారు కాబట్టి అంత డబ్బు బ్రిటన్ కట్టనే కట్టలేదు. ఆ దేశ గణాంకాల అథారిటీయే ఇది తప్పుదోవ పట్టించే లెక్క అని చెప్పింది. బస్సు మీద అంకె మాత్రం మారలేదు. దాదాపు 52 శాతం మంది బయటికి వచ్చేద్దామని ఓటేశారు. అదే ఏడాది నవంబరులో, పార్లమెంటును అడగకుండా ప్రభుత్వం ముందుకు పోకూడదని తీర్పు చెప్పిన ముగ్గురు జడ్జీల ఫొటోలు మొదటి పేజీలో వేసి 'ప్రజల శత్రువులు' అని హెడ్డింగు పెట్టింది డెయిలీ మెయిల్. జడ్జీలు చేసింది చట్టం ఏమంటుందో చెప్పడం. మూడు నెలలకు అమెరికాలో ట్రంప్ నచ్చని పత్రికలను అదే మాట అన్నాడు. ఒకచోట పత్రిక జడ్జీలను అంటే, ఇంకోచోట అధ్యక్షుడు పత్రికలను అన్నాడు.

జనం కోపం ఉత్తిదని నేను అనడం లేదు. ఇంగ్లండ్‌లో ఆపరేషన్లకూ స్పెషలిస్టు వైద్యానికీ వెయిటింగ్ లిస్టు 2023లో 75 లక్షలు దాటింది. తుంటి ఎముక మార్పిడికి నెలల తరబడి నొప్పితో ఎదురుచూసే ముసలమ్మకు కోపం రాదా? వస్తుంది, రావాలి. కానీ ఆ కోపాన్ని ఎవరి మీదికి మళ్లించారు? ఇంగ్లండ్ ఆరోగ్య సేవలో పనిచేసేవాళ్లలో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు బయటి దేశంవాళ్లు. రోజంతా చేతులు అరిగేలా పనిచేసే మనిషినే చూపించి, నీ కష్టానికి కారణం వీళ్లే అని చెప్పారు. నర్సుల కొరత ఎందుకొచ్చింది, మంచాలు ఎందుకు తగ్గాయి, వయసు మళ్లినవాళ్ల సంరక్షణకు డబ్బెందుకు పెట్టలేదు అని అడగడం కష్టమైన పని. పడవ ఫొటో వేయడం తేలిక.

ఇందులో నాకు ఎక్కువ కోపం తెప్పించేది పెద్ద పార్టీల తీరు. రెచ్చగొట్టేవాళ్లను ఎదుర్కోవాల్సింది పోయి, వాళ్ల మాటలే అరువు తెచ్చుకుంటున్నాయి. 2024 బ్రిటన్ ఎన్నికల్లో, వలసలను వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకేకు వచ్చింది ఐదు సీట్లు, 14 శాతం ఓట్లు. 411 సీట్లతో గెలిచిన లేబర్ ప్రధాని స్టార్మర్ ఏడాది తిరక్కుండానే, 2025 మే నెలలో, మనం 'అపరిచితుల ద్వీపం' అయిపోయే ప్రమాదం ఉందని ప్రసంగించాడు. తర్వాత ఆ మాట అన్నందుకు విచారిస్తున్నానన్నాడు. ఆ జులైలోనే సంరక్షణ పనివాళ్లను విదేశాల నుంచి కొత్తగా పిలిపించే వీసా మాత్రం ఆపేశారు. ఇక ఫరాజ్ ఎంపీగా ఉంటూనే జీబీ న్యూస్ టీవీ చానల్‌లో ప్రోగ్రాం నడిపాడు. ప్రశ్న వేయాల్సిన కుర్చీలో జవాబు చెప్పాల్సినవాడు కూర్చుంటే అది వార్త ఎలా అవుతుంది?

అమెరికా సంగతి. 2024 సెప్టెంబరు 10న టీవీ చర్చలో ట్రంప్, ఒహైయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ నుంచి వచ్చిన వలసవాళ్లు కుక్కల్ని, పిల్లుల్ని తినేస్తున్నారన్నాడు. దానికి నమ్మదగిన ఆధారమేదీ లేదని ఆ ఊరి అధికారులే చెప్పారు. ఆ తర్వాత ఆ ఊరికి బాంబు బెదిరింపులు వచ్చాయి, స్కూళ్లు ఖాళీ చేయించారు. అయిదు రోజులకు, ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జేడీ వాన్స్ సీఎన్ఎన్‌లో మాట్లాడుతూ, మీడియా దృష్టి జనం బాధల మీదికి రావాలంటే కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానన్న అర్థం వచ్చేలా అన్నాడు. మన పేపర్లు, చానళ్లు ఆ రోజుల్లో ఏం రాశాయో మీకు తెలుసు. 'ఆంధ్రా అల్లుడు' అన్నాయి. ఆయన భార్య, తెలుగు మూలాలున్న ఉషా వాన్స్ చదువును, ఆమె పెద్దల ఊరిని తలుచుకుని సంతోషపడటంలో తప్పు లేదు. ఆ అల్లుడు హైతీ నుంచి వచ్చిన పేదవాళ్ల గురించి ఏమన్నాడో కూడా అంతే పెద్దగా రాసి ఉండాల్సింది.

మా అపార్ట్‌మెంటులో కొందరు ట్రంప్‌ను మెచ్చుకుంటారు. దొంగచాటుగా వచ్చినవాళ్లకే కదా ఇబ్బంది, మనవాళ్లు లీగల్‌గా వెళ్లారు కదా అంటారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలాతేలో 'నా దేశం వదిలి పో' అని అరుస్తూ మన హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపినవాడు, ఆ తర్వాత తాను కాల్చింది ఇరాన్‌వాళ్లననే చెప్పుకున్నాడు. వాడు వీసా అడిగి చూడలేదు. అప్పుడు ఈ నగరం ఎంత ఏడ్చిందో ఇంత త్వరగా ఎలా మర్చిపోతాం?

కిందటేడు, అంటే 2025 సెప్టెంబరులో, మా తమ్ముడి కొడుకు బతుకమ్మకు ఇంటికి వచ్చి ఉన్నాడు. 19న హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ సంతకం పెట్టాడు. ఏటా కట్టాలని ఆయన వాణిజ్య మంత్రి లట్నిక్ అన్నాడు. ఇంకేముంది, మన చానళ్లన్నీ "ఏటా 88 లక్షలు!" అని మొదలుపెట్టాయి. ఆ రాత్రి మా తమ్ముడి ఇంట్లో ఎవరూ కళ్లు మూయలేదు. గడువులోపు అమెరికాలో కాలు పెట్టాలని పిల్లవాడు మామూలు కంటే రెట్టింపు పెట్టి టికెట్ కొన్నాడు. మా మరదలు తీగూర చట్టి పొయ్యి మీదే వదిలేసి వాడి బట్టలు సర్దింది. వాడు విమానం ఎక్కాక వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది. అది ఒక్కసారి కట్టే ఫీజు, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదు. మీ పత్రిక మొదటి పేజీలో ఆరు కాలాల్లో 'ఏటా లక్ష డాలర్లు' అని వేసింది. ఆ ఫీజు ఒక్కసారే అన్న సంగతి మర్నాడు లోపలి పేజీలో ఎక్కడో నాలుగు లైన్లలో కనిపించింది.

నర్సింగ్‌లో మేము పిల్లలకు మొదటి నెలలోనే ఒకటి నేర్పిస్తాం. కేస్ షీట్‌లో తప్పు పడితే చెరిపేయకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కనే సరైనది రాసి, సంతకం, తేదీ, టైము వేయాలి. తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు తప్పూ తెలియాలి, ఒప్పూ తెలియాలి. ఎందుకంటే అవతల ఉన్నది ప్రాణం. పత్రికలో తప్పు పడితే అలాగే చేయాలని నేను కోరుకుంటున్నాను.

అక్కడ ఏం జరుగుతోంది? 2020 ఎన్నికల్లో ఓటింగు యంత్రాల్లో మోసం జరిగిందన్న మాట ఫాక్స్ న్యూస్ తెర మీద పదేపదే వచ్చింది. ఆ మాటను తమ యాంకర్లే లోలోపల నమ్మలేదని కోర్టుకు వచ్చిన మెసేజీల్లో బయటపడింది. 2023 ఏప్రిల్‌లో ఆ యంత్రాలు తయారుచేసే డొమినియన్ కంపెనీకి 78 కోట్ల 75 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. రోజూ చూసే ప్రేక్షకుడికి తెర మీద క్షమాపణ చెప్పాలన్న షరతు ఆ రాజీలో లేదు. డబ్బు కంపెనీకి ముట్టింది, అబద్ధం విన్నవాడి దగ్గర అబద్ధమే మిగిలింది.

రెండో వైపువాళ్లు కూడా నాకు నచ్చలేదు. చిన్నప్పటి నుంచి బీబీసీ అంటే నాకు గౌరవం. ట్రంప్ మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి చేసిన 2021 జనవరి 6 నాటి ట్రంప్ ప్రసంగంలో దాదాపు గంట తేడాతో అన్న రెండు మాటలను వాళ్ల పనోరమా ప్రోగ్రాం ఒకే వాక్యంలా అతికింది. పొద్దున బీపీనీ రాత్రి బీపీనీ కలిపి ఒకే రీడింగుగా రాసినట్టే అది. 2025 నవంబరులో డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ అధిపతి డెబోరా టర్నెస్ రాజీనామా చేశారు. ఆ ఒక్క అతుకుతో, మీడియా అంతా అబద్ధమే అని అరిచేవాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టయింది. అప్పటి అధ్యక్షుడు బైడెన్ వయసు, తడబాటు గురించి 2024 జూన్ 27న ట్రంప్‌తో జరిగిన టీవీ చర్చ దాకా చాలా పెద్ద పత్రికలు గట్టిగా అడగలేదు. అది కూడా పక్షపాతమే. ఇక యజమానుల సంగతి చూడండి. 2024 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికీ మద్దతు ప్రకటించకూడదని దాని యజమాని బెజోస్ తేల్చేశాడు. పెద్ద విలీనానికి ప్రభుత్వ అనుమతి కోసం కూర్చున్న, సీబీఎస్ టీవీ యజమాని అయిన పారమౌంట్ కంపెనీ, ట్రంప్ వేసిన దావాలో 2025 జులైలో కోటీ 60 లక్షల డాలర్లకు రాజీపడింది. ఆ నెలలోనే అనుమతి వచ్చింది. ఇలాంటి చోట్ల నుంచి వచ్చే కాపీని మీ డెస్కులో తెలుగు చేసి వేస్తున్నప్పుడు, ఇది ఎవరి పత్రిక, ఎవరి చానల్ అని ఒక్క లైను చేర్చితే చదివేవాడికి ఎంతో మేలు.

విదేశీ వార్త మన పేపర్లో వీసా దగ్గర మొదలై వీసా దగ్గరే ఆగిపోతోంది. మనవాళ్లకు లాభమా నష్టమా అన్నదే చూస్తున్నాం. అక్కడి ముసలమ్మ వెయిటింగ్ లిస్టు, హైతీ కూలీ భయం, మన అమ్మాయి దాచుకున్న యూనిఫాం ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని రాసేవాళ్లు మీ దగ్గర లేకపోలేదు. వాళ్లకు జాగా ఇవ్వండి. ఒక నాయకుడు ఏదన్నా అంటే అతను అన్నాడని వేయండి, అది నిజమో కాదో ఆ హెడ్డింగు కిందే రాయండి, మూడో రోజు ఏడో పేజీలో వద్దు.

ముందుగా, సెప్టెంబరులో వేసిన ఆ 'ఏటా లక్ష డాలర్లు' హెడ్డింగుకు సవరణ మొదటి పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో వేయాలని కోరుతున్నాను. ఆ రోజు పేపరు నా దగ్గర ఉంది. కావాలంటే మీ ఆఫీసుకు తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
పద్మారావునగర్, సికింద్రాబాద్, హైదరాబాద్.