ఇంటికెళ్ళి చూసి రాయి

అమ్మడూ,

నీ ప్రొబేషన్ ఆఫీసరు ఉద్యోగం ఆర్డరు ఫోటో చూశాం. మీ నాన్న దాన్ని రెండుసార్లు పెద్దది చేసి చూసి, "నెలకి 27,804, అదీ కాంట్రాక్టు, లా చదివించింది ఇందుకేనా" అన్నారు. మిషన్ వాత్సల్యలో, అదే కేంద్రం పెట్టిన పిల్లల రక్షణ పథకంలో, ఆ పోస్టుకి పెట్టిన జీతమే అంత, దానికి నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను. ఆయన సణుగుడు పట్టించుకోకు. ఆయన బెంగ జీతం గురించి కాదులే. నీ చిన్నప్పుడు నేను ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే సాయంత్రాలు నీకు అన్నం కలిపి పెట్టింది ఆయనే, ఇప్పుడు నువ్వూ అదే పని పట్టుకున్నావని ఆయన దిగులు.

ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, పక్కన మీ పిన్ని ఉంది. "నేను పిల్లల తరఫున ఉండాలా, పోలీసుల తరఫున ఉండాలా" అన్నావు కదా. లాయరు అడగాల్సిన ప్రశ్నే అది. కానీ ఈ కుర్చీలో నువ్వు లాయరువి కాదు. కేసులో పట్టుబడ్డ పిల్లాడు తప్పు చేశాడా లేదా తేల్చడానికి జువైనల్ జస్టిస్ బోర్డు ఉంది, అందులో మేజిస్ట్రేట్ ఉన్నారు, పిల్లాడికో లాయరుంటాడు. ఆ పిల్లాడు ఏ ఇంట్లోంచి వచ్చాడో బోర్డులో కూర్చున్న ముగ్గురిలో ఎవరూ చూసి ఉండరు. అది చూసి వచ్చి చెప్పేదానివి నువ్వు ఒక్కదానివే.

సెక్షన్లు నాకంటే నీకే బాగా వచ్చు. పిల్లాణ్ణి పట్టుకున్న 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు పెడతారు, పెట్టిన రోజు నుంచి 15 రోజుల్లో నీ సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు రావాలి. దానికి ఫారం 6 ఉంది, చాలా పెద్దది. ఇంట్లో ఎవరెవరు, ఎవరేం పని చేస్తారు, ఇల్లు సొంతమా అద్దెదా, చదువు ఎక్కడ ఆగింది, అలవాట్లు, స్నేహాలు, అన్నీ అడుగుతుంది. దాన్ని ఆఫీసులోనే కూర్చుని, తల్లికి ఒక ఫోన్ కొట్టి నింపేసేవాళ్ళని చాలామందిని చూశాను. అందరి రిపోర్టుల్లోనూ అవే మూడు ముక్కలు: పేద కుటుంబం, తల్లిదండ్రుల అదుపు లేదు, చెడు స్నేహాలు. పేరు మారిస్తే ఏ పిల్లాడికైనా సరిపోతాయి.

ఇప్పుడు జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 12 గుర్తు తెచ్చుకో. కేసు ఏదైనా పిల్లాడికి బెయిల్ ఇవ్వాలి, ఆపడానికి మూడే కారణాలు. అందులో మొదటిది, బయటికి వదిలితే నేరస్తులతో కలుస్తాడని నమ్మడానికి ఆధారం ఉండటం. నువ్వు అలవాటుగా రాసి పడేసిన "చెడు స్నేహాలు" అన్న మాట తిన్నగా వెళ్ళి అక్కడ కూర్చుంటుంది. చెడు స్నేహం అంటే ఎవరు? పక్కింటి ఇంటర్ ఫెయిలైన కుర్రాడా, బండ్లు విప్పి అమ్మే ముఠావాడా? పేరు, వయసు, వాడు వీడికి ఎలా పరిచయం, అది తెలిస్తే రాయి. తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యి, తర్వాత నింపొచ్చు. ఖాళీ గడి వల్ల ఏ పిల్లాడూ అబ్జర్వేషన్ హోంలో, అదే కేసు నడుస్తుండగా పిల్లల్ని ఉంచే చోట, ఇంకో నెల ఉండిపోడు.

ఇంటికి ఎలా వెళ్ళాలో చెప్తాను, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. పోలీసు జీపులో వెళ్ళకు, లిఫ్ట్ ఇస్తామన్నా సరే. ఆఫీసు బండి ఎటూ దొరకదు, ఆటోలోనో బస్సులోనో వెళ్తావు, వీధి చివరే దిగి నడువు. పిల్లాడి పేరు చెప్పి అడగకు, తల్లి పేరు చెప్పి ఇల్లెక్కడని అడుగు. ఎవరు మీరంటే "ఆవిడతో పనుంది" అంటే చాలు. పిల్లాడి వివరాలు బయటపడకూడదని సెక్షన్ 74 చెప్పేది టీవీ వాళ్ళకీ పేపర్లకీ అనుకుంటారు అందరూ, కానీ ఆ వీధిలో వాడి సంగతి మొదట తెలిసేది నీ నోటివల్ల కాకుండా చూసుకోవడం కూడా అదే. పగలు వెళ్తే తల్లి కూలికి పోయి ఉంటుంది, పొద్దున్నే ఏడు లోపు గానీ చీకటి పడ్డాక గానీ వెళ్ళాలి. చీకటి పడ్డాక వెళ్తే ఇంకో లాభం, తండ్రి ఏ స్థితిలో ఇంటికొస్తాడో నువ్వే చూస్తావు, ఎవర్నీ అడగక్కర్లేదు.

లోపలికి వెళ్ళాక కుర్చీ తెస్తామంటూ పక్కింటికి పరిగెడతారు. వద్దని కింద కూర్చో. "మీవాడు ఎలాంటివాడు" అని మాత్రం అడగొద్దు, అడిగావో తల్లి "బంగారం లాంటోడమ్మా" అంటుంది, తండ్రి "చేతికి రాడు, మీరే ఉంచేసుకోండి" అంటాడు, రెండూ ఫారంలోకి పనికిరావు. రాత్రి ఎక్కడ పడుకుంటాడు, పొద్దున ఏం తిని వెళ్తాడు, సెల్‌ఫోన్ ఎవరు కొనిచ్చారు, బడికి చివరిసారి వెళ్ళింది ఏ నెలలో, ఆ నెలలో ఇంట్లో ఏం జరిగింది, ఇలాంటివి అడుగు. చదువంటే ఇష్టం లేదన్నారని వెంటనే రాసుకోవద్దు. ఎనిమిదీ తొమ్మిదీ మధ్య మానేసిన పిల్లలు చాలామందికి ఏదో ఒకటి జరిగి ఉంటుంది, తండ్రి సెంట్రింగ్ మీద నుంచి పడటమో, ఊరు మారడమో, క్లాసులో అందరి ముందూ దెబ్బలు తినడమో. పాత క్లాసు టీచరు దొరికితే ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. వాళ్ళకీ పిల్లాడు ఏ కేసులో ఉన్నాడో చెప్పకు.

ఒకసారి బైకుల దొంగతనం కేసులో ఒక కుర్రాడొచ్చాడు, ఊరూ పేరూ చెప్పను. కాగితాల్లో "అలవాటు పడ్డవాడు" అని రాసి ఉంది. ఇంటికి వెళ్తే తల్లి ఇడ్లీ బండి పెడుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి గిన్నెలూ సిలిండరూ మెయిన్ రోడ్డు దాకా తోసుకెళ్ళేది వీడే, వీడు హోంలో ఉన్నన్నాళ్ళూ బండే పెట్టలేదావిడ. ఆ సంగతి వీధిలో నలుగురిని అడిగి ఖాయం చేసుకుని రాశాను. ఆ బైకు తీసింది కూడా వాడేనని నాకు అనుమానం ఉంది, అది రాయలేదు, అది నా పని కాదు. తల్లి పూచీ మీద పంపించారు, నెలకోసారి నా దగ్గరికి రమ్మన్నారు. కొన్నాళ్ళు సరిగ్గా వచ్చాడు, తర్వాత ఎగ్గొట్టాడు, నేనే బండి దగ్గరికెళ్ళి ఇడ్లీ తింటూ నాలుగు తిట్టి వచ్చేదాన్ని. ప్రొబేషన్ పర్యవేక్షణ అంటే చాలావరకు అదే, ఏదో పెద్ద పేరు పెట్టారు గానీ.

నీ జిల్లాలో గంజాయి కేసులు వస్తాయి, ముందే చెప్తున్నా. విశాఖ ఏజెన్సీ నుంచి సంచులు మోయించడానికి కుర్రాళ్ళని వాడతారు, కొన్ని వేలు ఇస్తామని చెప్పి రైలు టికెట్ చేతిలో పెడతారు. ఇక్కడ నీ లా చదువు పనికొస్తుంది. సంచి 20 కిలోలు దాటిందంటే మత్తుమందుల చట్టంలో కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం మోతాదు, కనీస శిక్ష పదేళ్ళు, అంటే మన జువైనల్ చట్టంలో ఘోర నేరం. పిల్లాడికి 16 నిండి ఉంటే సెక్షన్ 15 కింద ప్రిలిమినరీ అసెస్‌మెంట్, అంటే బోర్డు చేసే ముందస్తు అంచనా, అది వాడికి ఎదురు తిరిగితే పెద్దవాళ్ళలాగే విచారణ జరగొచ్చు. అదే సంచి 18 కిలోలుంటే కనీస శిక్ష లేదు, 2020లో శిల్పా మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం అది ఘోర నేరాల కిందికి రాదు. మోసే పిల్లాడికి బరువు భుజానికి తెలుస్తుంది గానీ కిలోల్లో తెలియదు కదా. అసెస్‌మెంట్‌లో బోర్డు చూడాల్సినవాటిలో ఏ పరిస్థితుల్లో చేశాడన్నది కూడా ఉంది. ఎవరు పిలిచారు, ఎంత ఇస్తామన్నారు, ఇంట్లో అప్పుడు ఎవరి అప్పు ఉంది, లోపల ఏముందో ఎప్పుడు తెలిసింది, ఇవి నీ రిపోర్టులో లేకపోతే ఇంకెక్కడా ఉండవు.

ఇంకో రకం ప్రేమ కేసులు. పదిహేడేళ్ళ కుర్రాడు, పదహారేళ్ళ అమ్మాయి, ఇద్దరూ రైలెక్కి హైదరాబాద్ వెళ్ళిపోతారు, నాలుగో రోజుకి డబ్బులైపోయి ఎవరికో ఫోన్ చేస్తారు. అమ్మాయి తండ్రి కంప్లైంట్ ఇస్తాడు, పోక్సో పడుతుంది, సెక్షన్ 4లో కనీసం పదేళ్ళు కాబట్టి మళ్ళీ ఘోర నేరమే. అమ్మాయి ఇష్టపడే వెళ్ళిందని అందరికీ తెలుసు, పద్దెనిమిది లోపు ఆ ఇష్టానికి చట్టంలో విలువ లేదనీ తెలుసు. కేసు వెనక కులం ఉందన్న సంగతీ ఊరంతటికీ తెలుసు, ఫైల్లో మాత్రం ఎక్కడా కనపడదు. వాదించాలని నీ చెయ్యి దురద పెడుతుంది. వద్దు. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారా, ఎప్పటి నుంచి పరిచయం, రెండిళ్ళల్లో ఎవరు ఏమని బెదిరించారు, కుర్రాడి అమ్మానాన్న ఇప్పుడు ఊళ్ళో ఉండగలుగుతున్నారా, ఇవి తేదీలతో రాసెయ్యి, వాదన లాయరు చేస్తాడు. అమ్మాయి విషయంలో మాత్రం నీ కలం ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ పిల్ల గురించి ఊరు అనే మాటలు ఒక్కటి కూడా నీ కాగితంలోకి రాకూడదు.

వయసు దగ్గర తగాదాలు ఎప్పుడూ ఉంటాయి. మన పల్లెల్లో జూన్‌లో పుట్టినవాళ్ళు అంతమంది ఉండటానికి కారణం బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు వేసిన తేదీలే. అయినా సెక్షన్ 94 ప్రకారం ముందు బడి కాగితమో పదో తరగతి సర్టిఫికెట్టో, అవి లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఇంటికెళ్ళినప్పుడే ఆ కాగితం అడుగు. చాలా ఇళ్ళల్లో అది బియ్యం డబ్బాలోనో దేవుడి పటం వెనకో ఉంటుంది, దాన్ని బోర్డుకి తీసుకురావాలని వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు.

నేను చేరినప్పుడు 1986 చట్టం ఉండేది, మగపిల్లలైతే పదహారు లోపు వాళ్ళే మన దగ్గరికి వచ్చేవాళ్ళు. 2000 చట్టంతో పద్దెనిమిది అయింది. తర్వాత 2012 డిసెంబరులో ఢిల్లీలో ఆ ఘోరం జరిగాక దేశమంతా కోపంతో ఊగిపోయింది, ఆ ఊపులోనే 2015 చట్టం వచ్చి పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్ళని విడిగా చూడటం మొదలైంది. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళకి వెళ్తే చుట్టాలు నన్ను చుట్టుముట్టేవాళ్ళు, "మీరే వాళ్ళని వెనకేసుకొస్తారు" అని. నేను వాదించేదాన్ని కాదు, ఆ ఒక్క కేసు చూసి వచ్చిన కోపం తప్పని నేను అనను కూడా. నా బల్ల మీదికి వచ్చేవి మాత్రం ఎక్కువగా సెల్‌ఫోన్లు, బైకులు, కొట్లాటలు. ఇప్పుడు నిన్నూ అడుగుతారు, టెన్షన్ పడకు, భోజనం చెయ్యి.

ఫ్యామిలీ కోర్టు వాళ్ళతో పరిచయం పెంచుకో. 1984 చట్టం కింద అక్కడ కౌన్సెలర్లు ఉంటారు. ఒకే ఇంటి మీద అక్కడ తల్లిదండ్రుల విడాకుల కేసు, ఇక్కడ పిల్లాడి కేసు నడుస్తుండటం నేను చూశాను, ఒక గదిలో చెప్పింది ఇంకో గదికి తెలియదు. వాళ్ళ ఫైల్లో ఏముందో నువ్వు అడక్కూడదు, వాళ్ళూ చెప్పకూడదు, కానీ వాయిదాలు రెండూ ఒకే రోజు పడకుండా చూడమని అడగొచ్చు. ఆ తల్లికి ఒక రోజు కూలి మిగులుతుంది.

అబ్జర్వేషన్ హోంకి వెళ్ళినప్పుడు ప్రతి పిల్లాడూ "మేడం, ఇంటికెప్పుడు" అంటాడు. తేదీ చెప్పకు. మంగళవారం వస్తానంటే మంగళవారం వెళ్ళు, జ్వరం ఉన్నా వెళ్ళు, వెళ్ళలేకపోతే కబురైనా పంపు. ఎవరో పెద్ద మనిషి ఫోన్ చేసి "మావాడి రిపోర్టు కాస్త చూసి రాయండి" అంటాడు, "చూసే రాస్తానండి" అని పెట్టెయ్యి. ఇళ్ళల్లో మంచినీళ్ళూ టీ తప్ప ఏదీ తీసుకోకు. జామకాయలు కూడా వద్దు, పెరట్లో కోసినవే అయినా సరే, ఎందుకంటే పక్కింటివాళ్ళు అది చూసి వేరే లెక్క కడతారు.

కాటన్ డ్రెస్సులు రెండు కొను, ముదురు రంగువి. ఆడపిల్లల కేసులప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉంటే మంచిది, అంగన్‌వాడీ టీచరునైనా పిలుచుకో. మొదటి రిపోర్టు రాశాక నాకు పంపిస్తానన్నావు, దిద్దిపెట్టమని. పంపకు. ఆ కాగితం బోర్డుకి తప్ప ఎవరికీ చూపించకూడదు, అమ్మ అయినా, పాత ప్రొబేషన్ ఆఫీసరైనా అంతే. ఏదైనా అర్థం కాకపోతే ఊరూ పేరూ లేకుండా ఫోన్లో అడుగు, రాత్రి తొమ్మిది దాటాక అయితే మీ పిన్ని కూడా పక్కన ఉండదు.

అమ్మ