కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

డ్రైనేజీ, వీధి లైట్ల పనులు, జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోగలరు. ఈసారి నివేదికంతా దాదాపు ఎదిగే పిల్లల గురించే.

ఏటా డిసెంబరు 1న ఎయిడ్స్ దినం ర్యాలీ తీసి, బ్యానరు మడిచి బీరువాలో పెట్టేవాళ్ళం. ఈసారి ర్యాలీ వద్దు, తల్లిదండ్రుల్ని కూర్చోబెడదామని కమిటీలో ఒకావిడ పట్టుబట్టారు. "ఆడపిల్ల పెద్దమనిషైతే వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతాం. ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఆ పిల్లకి చెప్పం. మగపిల్లాడికి ఆ ఫ్లెక్సీ కూడా లేదు" అన్నారు. నవ్వాం గానీ మాట తగిలింది.

మొత్తం నాలుగుసార్లు కూర్చున్నాం. మొదటిసారి అమ్మలే వచ్చారు. నాన్నలు గేటు బయట బండ్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. రెండోసారి, వస్తానన్న కౌన్సెలర్ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆ టెన్షన్‌లో మన వీధిలోని రిటైర్డ్ నర్సమ్మను బతిమాలాం. అదే మేలైంది.

మూడోసారికి ఆవిడ ట్యూషన్ పిల్లల దగ్గర ఒక అట్టపెట్టె పెట్టించి, పేరు లేకుండా చీటీలు వేయమన్నారు. వాటిని పెద్దల ముందే చదివారు. దోమ కుడితే హెచ్‌ఐవీ వస్తుందా? రాదు. ఒకే కంచంలో తింటే? రాదు. నిద్రలో బట్టలు తడిస్తే జబ్బా? కాదు, ఆ వయసులో మామూలే. ఒక చీటీ ఊదా సిరాతో ఉంది: "తప్పు జరిగిందని ఇంట్లో చెప్తే కొడతారా?" ముందు వరసలో ఒకావిడ ఆ చీటీ అడిగి తీసుకుని, కాసేపు చూసి, మడిచి తన పర్సులో పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత గంటసేపు దాని మీదే మాటలు. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగాక 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ముప్పు బాగా తగ్గుతుందట. దెబ్బలకు భయపడి నాలుగు రోజులు దాచుకున్న పిల్లకు ఆ దారి మూసుకుపోయినట్టే. పరీక్షకైనా 18 ఏళ్ళలోపు వాళ్ళకు సాధారణంగా పెద్దల అనుమతి అడుగుతారు. ఇంట్లోనే నోరు తెరవలేని పిల్లలు రుయా ఆసుపత్రి దాకా ఏం వెళ్తారు? బడిలో తెలిస్తే పేరు కొట్టేస్తారా అని ఒకరు అడిగారు. హెచ్‌ఐవీ ఉందని బడిలో వివక్ష చూపడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది కాబట్టి కుదరదని చెప్పాం.

ఇవన్నీ చెబితే పిలకాయలు చెడిపోతారని ఒక పెద్దాయన గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆయన కోపం అర్థమవుతుంది. కానీ మనం చెప్పనిది ఫోన్ చెబుతోంది, అదీ వంకరగా. ఈ విషయాలు నేర్పినంత మాత్రాన పిల్లలు తొందరపడరని చాలా దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది.

నాలుగో సమావేశం ఆదివారం సాయంత్రానికి మార్చాం. పదకొండు మంది నాన్నలు లోపలికొచ్చి కూర్చున్నారు. ఒకాయన తన పద్ధతి చెప్పారు: "అలిపిరి దాకా బండి మీద పోతా మావాడితో మాట్లాడినా. వాడు వెనకాల ఉంటాడు, మొహాలు చూసుకునే పని లేదు గదా."

అట్టపెట్టె ఇప్పుడు ఆఫీసు కిటికీ పక్కన ఉంది. తాళంచెవి నర్సమ్మ దగ్గరే ఉంటుంది. కాలనీలో ఎవర్నీ అడగలేమనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు చేయొచ్చు, ఫోను ఉచితం. తర్వాతి సమావేశం గంగమ్మ జాతర అయ్యాక.

కార్యదర్శి