కమలాబాయి గారిని ‘తొలి కథానాయిక’తోనే సరిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

తెలుగు సినిమా తొలినాళ్ల మీద వ్యాసం వచ్చినప్పుడల్లా సురభి కమలాబాయి గారి ప్రస్తావన ‘తొలి టాకీ కథానాయిక’ దగ్గరే ఆగిపోతోంది. మా కడప జిల్లా పల్లె పేరును ఇంటిపేరు చేసుకున్న అంత గొప్ప నటికి ఆ ఒక్క మాట చాలదు. 1885లో ఆ సురభి పల్లెలో ‘కీచక వధ’ నాటకంతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవారు. బయటి నాటక సమాజాల్లో మగవాళ్లు చీర కట్టి ఆడుతున్న కాలమది. ఆ వాతావరణంలో పెరిగి, చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి వేషాలు వేసి, తర్వాత నాయిక పాత్రలకు వచ్చారావిడ.

మైకు లేని పందిట్లో చివరి వరసకు మాట అందాలంటే పద్యపాదం చివర అచ్చును సాగదీయాలి, ఒత్తక్షరాన్ని గట్టిగా కొట్టాలి, పక్కనున్న పాత్రతో మాట్లాడుతున్నా మొహం జనం వైపే ఉండాలి. హార్మోనియం శ్రుతి మగపాత్రకు తగ్గట్టు తగ్గించి పెడితే నటి కింది స్వరాలు గొంతు దాటి రావు. ఇవన్నీ ఒంటబట్టిన మనిషి కెమెరా ముందుకొస్తే ఏ బలం రంగస్థలం మీద చప్పట్లు తెచ్చిందో అదే అడ్డమవుతుంది.

1932లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో ఆవిడ ప్రహ్లాదుడి తల్లి లీలావతి. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. నటిస్తూనే పాడాలి. వాద్యగాళ్లు కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చుని అప్పటికప్పుడు వాయించాలి. మైకుకు నాలుగడుగులు దూరం జరిగితే గొంతు పలచబడుతుంది. స్టేజీ మీదలా ‘భ’, ‘ఫ’ కొడితే శబ్దం పగులుతుంది. ఒక్క మాట తడబడినా పాట, అభినయం, వాద్యం అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు దొరకకపోవడం మనకు తీరని నష్టం.

అందుకే 1951 నాటి ‘పాతాళ భైరవి’ని జాగ్రత్తగా చూడమంటున్నాం. మా పక్క జిల్లా తాడిపత్రి వారైన కె.వి.రెడ్డి గారు తీసిన ఆ చిత్రంలో ఆవిడ తోటరాముడి తల్లి. రాజకుమార్తెను వలచిన కొడుకు గురించి బెంగపడే మామూలు ఇల్లాలు. పద్యం ఆసరా లేదు, రాగం ఆసరా లేదు. నాటకాల్లో పండిన గొంతును అంత చిన్న పాత్రకు సరిపోయేలా కుదించుకోవడం తేలిక కాదు. సినిమా ఆవిడకు ఇంతకంటే పెద్ద తల్లిపాత్రలు ఇచ్చి ఉండాల్సిందని మాత్రం గట్టిగా చెబుతాం.

మీ జిల్లా పేజీల్లో నాటక సమీక్షలు ‘నటి మెప్పించింది’ అన్న వాక్యంతో ముగుస్తున్నాయి. ఏ పద్యంలో, ఏ మాట దగ్గర, గొంతు ఎలా మార్చి మెప్పించిందో రెండు ముక్కలు రాయించండి. నేర్పేవాళ్లకు కూడా ఒక విన్నపం. అమ్మాయిల చేత ఒకే పద్యాన్ని మూడు తీర్ల చెప్పించండి: మైకు లేకుండా హాలు చివరికి వినపడేలా, మైకు జానెడు దూరంలో పెట్టి, ఆఖరున రాగం తీసేసి మామూలు మాటగా. మూడోదాని దగ్గరే చాలామంది తడబడతారు. రాగం పోగానే భావం కూడా పోతే, అప్పటిదాకా ఆ పిల్ల పాడిందే తప్ప నటించలేదన్నమాట. అక్కడి నుంచే శిక్షణ మొదలుపెట్టాలి.

- రంగస్థల కళాకారులు, కడప